దరఖాస్తులో అమ్మ

రచనా వర్క్‌షాపులకు దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు కథతో పాటు మరో రెండు పేజీలు పంపాల్సి ఉంటుంది. మీరెవరు, ఎందుకు రాస్తున్నారు, ఈ వర్క్‌షాపు మీకెందుకు అవసరం అన్న ప్రశ్నలకు జవాబు అది. దాన్ని ఎవరూ సాహిత్యంగా లెక్కించరు. ఏ పత్రికా వేయదు, ఎవరూ సమీక్షించరు. ఎంపిక కమిటీలోని నలుగురైదుగురు చదివి పక్కన పెట్టేస్తారు. కానీ రాయాలనుకునే ఆడపిల్లలు చాలామంది తమ జీవితం గురించి సూటిగా మొదటిసారి రాస్తున్నది ఈ రెండు పేజీల్లోనే. కథలో అయితే పాత్ర చాటున నిలబడొచ్చు. ఇక్కడ 'నేను' అని మొదలుపెట్టక తప్పదు.

ఈ కాగితాలను ఒకరికొకరు చూపించుకోవచ్చా అన్నది నా ప్రశ్న. పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఒకే సీటుకు పోటీపడుతున్నవాళ్ళు తమ జవాబులు బయటపెట్టుకోవడం తెలివితక్కువతనం అంటారు కొందరు. చూసి రాయడం కిందికి వస్తుంది అంటారు మరికొందరు. ఈ రెండు మాటలకంటే లోతైన ఇబ్బంది ఇంకొకటుందని నాకు పోయిన సంవత్సరం అర్థమైంది.

విదేశంలో జరిగే ఆరు వారాల వర్క్‌షాపుకి హైదరాబాదులో నాకు తెలిసిన ఐదుగురు దరఖాస్తు చేశారు. అందరూ ముప్పై లోపువాళ్ళు. తెలుగులో కథలు రాస్తారు, వాటిని తామే కష్టపడి ఇంగ్లీషు చేసుకుంటారు. నేను దరఖాస్తు పెట్టలేదు. పిహెచ్‌డి రోజుల నుంచీ ఇలాంటి కాగితాలు రాసీ రాసీ అలవాటైన దాన్ని కాబట్టి, "అక్కా, ఒకసారి చూసి పెట్టండి" అని పిలిచారు. ఒక ఆదివారం ఒకరింట్లో కూర్చుని ఐదుగురూ తమవి బయటికి చదివారు.

మొదట కనిపించింది తేడా. కాన్వెంట్‌లో చదివి, అమెరికాలో అన్నయ్య ఉన్న అమ్మాయి కాగితం మూడో మెరుగుతో వచ్చింది. వాళ్ళన్నయ్య దిద్దాడు, వాళ్ళ వదిన దిద్దింది. జిల్లా నుంచి వచ్చి డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెబుతున్న అమ్మాయికి అసలు ఇలాంటి కాగితం ఒకటి ఎలా ఉంటుందో చూసిన అనుభవమే లేదు. ఆమె రాసింది సెలవు చీటీలా ఉంది. గౌరవనీయులైన వారికి, నేను పేద కుటుంబం నుండి వచ్చాను, దయచేసి అవకాశం ఇప్పించగలరు. ఇద్దరిలో ప్రతిభ ఎవరికి తక్కువ? ఎవరికీ కాదు. ఒకరింట్లో భోజనాల దగ్గర జరిగే చర్చ ఇంకొకరింట్లో జరగదు, అంతే. అన్నావదినలు దిద్దితే దాన్ని ఎవరూ కాపీ అనరు, సంస్కారం అంటారు. స్నేహితురాళ్ళు దిద్దితేనే నీతి గుర్తొస్తుంది. గోప్యత అందరికీ సమానంగా మేలు చేయదు. ఇంటినిండా అక్షరాలున్నవాళ్ళకే అది రక్షణ. కాబట్టి పంచుకోవాలి అన్న వైపే నేను మొదటి నుంచీ ఉన్నాను.

మన సాహిత్యంలో ఇది కొత్త సమస్య కూడా కాదు. కావ్యం ముందు ఉండే అవతారిక ఒక రకంగా ఇలాంటి కాగితమే. మొల్ల తన రామాయణం మొదట్లో తనకు వ్యాకరణాది శాస్త్రాలు రావనీ, శ్రీకంఠ మల్లేశ్వరుని దయ వల్లే కవిత్వం అబ్బిందనీ చెప్పుకుంది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని అందుకు పూర్తి విరుద్ధంగా, తన పాండిత్యాన్నీ తన ఇంటి స్త్రీల తరపు వారసత్వాన్నీ గర్వంగా చెప్పుకుంది. ఒకరిది వినయం, ఒకరిది ధీమా. రెండూ ఎదుట కూర్చున్న పండితుల్ని చూసుకుని రాసినవే. మొల్లది నిజంగా తెలియనితనం అనుకోవడం అమాయకత్వం. ఆ రామాయణం రాసిన మనిషికి ఏం వచ్చో ఆ పద్యాలే చెబుతాయి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో 'రాధికా సాంత్వనము' పూర్తి పాఠాన్ని అచ్చువేయడానికి ముందు వచ్చిన ముద్రణలో ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగం లేదు. స్త్రీ తన గురించి తాను చెప్పుకున్నదే ముందుగా కత్తిరింపుకు గురవడం గమనించాలి. ఇప్పుడు కమిటీలు ఆ భాగాన్నే కోరి అడుగుతున్నాయి. ఇది మార్పే. కానీ అడిగేవాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో ఊహించి చెప్పే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు.

ఆ ఆదివారం రెండోగా కనిపించింది పోలిక. ఐదు కాగితాల్లో నాలుగింట్లో కథలు చెప్పిన ముసలమ్మ ఉంది. మూడింట్లో కొట్టే మగవాడున్నాడు. అన్నింట్లోనూ రాత్రిపూట రహస్యంగా రాసుకునే ఆడపిల్ల ఉంది. ఎవరూ ఎవరిదీ చూసి రాయలేదు, ఆ రోజు వరకూ ఒకరిది ఒకరు చదవనే లేదు. మరి ఇంత పోలిక ఎలా వచ్చింది? పితృస్వామ్యం అన్ని ఇళ్ళలోనూ ఒకటే కాబట్టి అని ఒక జవాబు. అది నిజం. అయితే దూరదేశపు కమిటీకి మన దగ్గర నుంచి ఏ రకం బాధ కావాలో ఐదుగురూ విడివిడిగా ఒకేలా పసిగట్టారు అన్నది కూడా నిజం. ఎవరికి వారు దాచుకుని ఉంటే తనది తన సొంత బాధే అనుకుని ఉండేవారు. పక్కపక్కన పెట్టినప్పుడే అచ్చు బయటపడింది.

పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పే అమ్మాయి మరో ప్రతి తయారుచేసి మళ్ళీ వారం తెచ్చింది. ఈసారి చాలా బాగుంది. వాళ్ళమ్మ బీడీలు చేస్తుంది. చాటలో తునికాకు, పక్కన తంబాకు, వంగిన మెడ, తాగొచ్చి కొట్టిన తండ్రి, బీడీలు చుడుతూ నిశ్శబ్దంగా ఏడ్చిన తల్లి. ఆ కన్నీళ్ళే తన అక్షరాలయ్యాయని ముగించింది. చదవడం అయ్యాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి అడిగింది, "ఇది మీ అమ్మకు తెలుసా?"

అది ఎవరూ అడగని ప్రశ్న. దరఖాస్తు ఫారంలో పోర్చుకుని కూర్చున్న ఏ గడిలోనూ ఉండదు. ఆమె ఆ రాత్రి ఫోన్ చేసి వాళ్ళమ్మకు ఆ పేజీ తెలుగులో చదివి వినిపించింది. తల్లి అన్న మాటలు మాకు మర్నాడు చెప్పింది: "కొట్టిండని రాస్తే రాయి బిడ్డా, అందరికి ఎరుకే. గని నేను ఏడ్చిన్నని ఎందుకు రాసినవ్? నువ్వెప్పుడు చూసినవ్ నేను ఏడ్వంగ?"

ఆమె ఏడవలేదట. కొట్టిన మర్నాడు ఎప్పటిలాగే కూర్చుని బీడీలు చేసేదట. ఇంట్లో లెక్క చెప్పేటప్పుడు కొన్ని కట్టలు తగ్గించి చెప్పి, ఆ డబ్బు పక్కింటామె దగ్గర దాచేదట. కూతురి డిగ్రీ ఫీజు అందులోంచే వచ్చింది. ఈ సంగతి కూతురికి తెలుసు. తెలిసీ రాయలేదు, ఎందుకంటే కష్టపడే తల్లి అన్న చిత్రంలో లెక్క తగ్గించి చెప్పే తల్లి ఇమడదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

నేను ముందు చెప్పిన లోతైన ఇబ్బంది ఇదే. ఈ కాగితాలు మనవి అంటాం కానీ వాటిలో సగం ఇతరులవి. తల్లివి, అత్తవి, పనిమనిషివి, చనిపోయిన అక్కవి. వ్యక్తిగతమే రాజకీయం అని మనం చెప్పింది ఇంటి గడప లోపలి హింసను బయటపెట్టడానికి. సీటు కోసం అమ్మ కన్నీళ్ళను కల్పించడానికి కాదు. పోనీ ఎవరి గురించీ రాయకూడదంటే నోరు నొక్కినట్టే అవుతుంది. కొట్టినవాడి అనుమతి తీసుకుని రాయమని నేననను. బాధ పడినవాళ్ళకు మాత్రం చదివి వినిపించాలి. వాళ్ళు వద్దంటే ఆగాలి, కాదంటే దిద్దుకోవాలి. కమిటీకి పంపేముందు మొదటి పాఠకురాలు ఆమే కావాలి. ఇక్కడ కూడా పంచుకోవడమే మేలు చేసింది. స్నేహితురాళ్ళ ముందు చదవకపోతే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

ఆమె ఆ పేజీ మార్చి, అమ్మ లెక్కలతో రాసింది. సీటు ఆమెకు రాలేదు. ఐదుగురిలో ఒకరికే వచ్చింది. వచ్చినామె కూడా ఆ రెండు వారాల చర్చ తర్వాత తన కాగితంలోంచి ముసలమ్మను తీసేసి, తను నిజంగా రాయడం ఎలా మొదలుపెట్టిందో సాదాగా రాసింది. "నా కాగితం విని ఆమె తనది బాగుచేసుకుంది. బాధ లేదని అబద్ధం చెప్పను అక్కా" అంది బీడీ కార్మికురాలి కూతురు. పంచుకోవడానికి ఖరీదు ఉంటుంది, అది తరచూ తక్కువ ఉన్నవాళ్ళే కట్టాల్సి వస్తుంది. సోదరీత్వం అన్న మాటతో ఆ లెక్కను కప్పేయకూడదు.

ఇక్కడ నాకు ఆక్టేవియా బట్లర్ గుర్తొస్తుంది. అమెరికాలో 1968లో మొదలైన క్లారియన్ అనే ఆరు వారాల సైన్స్ ఫిక్షన్ వర్క్‌షాపులో ఆమె 1970లో చేరింది. నల్లజాతి స్త్రీ. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి ఇళ్ళల్లో పని చేసి పెంచింది. ఆమె కాగితాలు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో 1988 నాటి ఒక నోటుపుస్తకంలో, తన పుస్తకాలు లక్షలమంది చదువుతారని తనకు తానే మాట ఇచ్చుకుంది. పేద నల్లజాతి పిల్లల్ని క్లారియన్‌కీ అలాంటి ఇతర వర్క్‌షాపులకీ పంపిస్తానని కూడా అందులోనే రాసుకుంది. 2006లో ఆమె చనిపోయాక ఆమె పేరుతో ఏర్పడిన స్కాలర్‌షిప్ తెల్లవారు కాని రచయితలను ఆ వర్క్‌షాపులకు పంపుతోంది. నేనెవరు, ఎందుకు రాస్తున్నాను అన్న ప్రశ్నకే ఆమె కూడా జవాబు రాసింది. కాకపోతే ఏ కమిటీనీ దృష్టిలో పెట్టుకోలేదు. బతిమాలలేదు, గాయం చూపించలేదు. తనకేం కావాలో రాసి, దాని పక్కనే తన తర్వాత వచ్చేవాళ్ళకేం కావాలో రాసింది.

సీటు రావాలంటే కమిటీకి రాయాల్సిందే. అయితే దానికి ముందు మనలో మనం చదువుకునే ప్రతి ఒకటి ఉండాలి. మీలో చాలామంది పాఠాలు చెబుతున్నారు, కమిటీల్లో కూర్చుంటున్నారు, ఒకప్పుడు దరఖాస్తులు పెట్టినవాళ్ళే. మీ సొరుగుల్లో ఉన్న ఆ పాత కాగితాలు కొత్తగా రాస్తున్న అమ్మాయిలకు చదవడానికివ్వండి. సీటు వచ్చినవి మాత్రమే ఇస్తే వాళ్ళు అచ్చు నేర్చుకుంటారు. రానివి కూడా ఇవ్వండి.