ప్లాటు కొంటే ఊరు వస్తుందా?

మన ఏజెన్సీలో ఎవరికైనా ఉద్యోగం వచ్చిందంటే రెండు మూడేళ్లకే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: “కింద ఎక్కడైనా ఒక ప్లాటు చూడండి.” కింద అంటే ఘాట్ రోడ్డు దిగాక వచ్చే మైదానం. చోడవరం, సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస, ఆనందపురం. పిల్లల చదువు కోసం, పెద్దల వైద్యం కోసం, రిటైరయ్యాక ఒక నీడ కోసం. ఈ కోరికలో తప్పేమీ లేదు. నేనూ కొన్నాను. కొన్న తర్వాత నాకొక ప్రశ్న ఎదురైంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్నను మన యువతీయువకుల ముందు, తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను డి.ఎడ్. చేసి బడిపంతులమ్మనయ్యాను. మా ఆయనా ఉద్యోగే. బ్యాంకు లోను తీసుకుని సబ్బవరం దాటాక ఒక కొత్త లేఔట్‌లో 150 గజాలు కొన్నాం. పెద్ద ఆర్చి, సిమెంటు రోడ్లు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. మా అమ్మను తీసుకెళ్లి చూపించాను. అమ్మ ఎన్నడూ బడి గడప తొక్కలేదు. స్థలమంతా ఒకసారి కలియదిరిగి అడిగింది:

“ఏటే, నేలంతా ఇలాగ సదును సేసీసినారు. మరి వానొస్తే నీరెటెల్తాది?”

“డ్రైను కడతారట అమ్మా” అన్నాను.

“కడతారటా? ముందు నీరుకి దారి సూసి కదే, తర్వాత మనిసికి దారి సూసేది!”

అక్కడే మేకలు కాస్తున్న ఒక తాత ఆ మాట విన్నాడు. “ఇది గెడ్డమ్మా. పై చెరువు నిండితే ఇటే పారేది” అని చెప్పి వెళ్లిపోయాడు. కొనేముందు మేం రిజిస్ట్రేషన్ కాగితాలు చూశాం, లింకు డాక్యుమెంట్లు చూశాం, రోడ్డు వెడల్పు కొలిచాం. నీరు ఎటు పారుతుందో మాత్రం చూడలేదు. కొండల్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఒక్కటీ నేను చూడాల్సింది.

ఇల్లు కట్టేముందు మేస్త్రీ సలహా మీద పది టిప్పర్ల గ్రావెల్ పోయించి స్థలం ఎత్తు పెంచాం. పక్కవాళ్లూ అలాగే పెంచారు. ఆ తర్వాత వచ్చిన తుపాను వానకు మా గుమ్మంలోకి చుక్క నీరు రాలేదు. లేఔట్‌కు దిగువన కూలి పని చేసుకునేవాళ్ల పేట ఒకటి ఉంది. నీరంతా అక్కడికి పోయింది. బియ్యం డ్రమ్ములు తడిసిపోయాయి. పిల్లల పుస్తకాలు బురదలో తేలాయి. రెండు రోజుల తర్వాత ఆ పేట నుంచి ఒకావిడ వచ్చి మా గేటు దగ్గర నిలబడింది. “టీచరమ్మా, మీరు ఎత్తు లేపుకున్నారు. మేం మునిగిపోనాం” అంది. తిట్టలేదు. అంతే అంది.

మొదట నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటున్నాను. అప్పు చేసి కొన్నాను, నా స్థలంలో నేను మట్టి పోసుకున్నాను, ఇందులో నా తప్పేముంది అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా ఈ మాటలే నేను చిన్నప్పటి నుంచి ఇతరుల నోట వింటూ వచ్చాను. మన కొండల మీదికి వచ్చినవాళ్లు, మన భూములు రాయించుకున్నవాళ్లు, గనులు తవ్వినవాళ్లు అన్నదీ ఇదే: డబ్బు పెట్టాం, కాగితం ఉంది, మా తప్పేముంది?

విశాఖ శివార్లు పెరిగిన తీరు ఒకసారి చూద్దాం. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాల భూములు పోయాయి. ఆ నిర్వాసితుల కాలనీలతో, కార్మికుల ఇళ్లతో గాజువాక పెద్ద పట్టణమైంది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టూ ఉన్న 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా 17 లక్షలు దాటింది. 2020లో ఇళ్ల స్థలాల కోసం చుట్టుపక్కల పది మండలాల్లో 6 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అందులో పేదలు ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న డి-పట్టా భూములూ ఉన్నాయి. ఇల్లు లేని పేదకు స్థలం కావాలి, నిజమే. ఆ స్థలం మరో పేద సాగుచేసే నేలలోంచే వస్తోంది. ఇదీ నిజమే.

చాలామంది దీనికంతటికీ “జనాభా పెరిగిపోయింది” అని ఒక్క మాటలో కారణం చెప్పేస్తారు. ఆ మాట సగమే నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే పుడుతున్నారు. అమ్మానాన్నల స్థానం నిండడానికి కూడా ఆ సంఖ్య చాలదు. మరి శివార్లలో జనం ఎక్కడి నుంచి వస్తున్నారు? శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి, మన పాడేరు, అరకుల నుంచి వస్తున్నారు. బతుకు వెతుక్కుంటూ వస్తున్నారు. రావడం నేరం కాదు. వచ్చేవాళ్ల కోసం ఏది ముందు, ఏది వెనుక అనే వరుస తప్పుతోంది. ముందు ప్లాట్లు అమ్ముతారు, తర్వాత ఇళ్లు లేస్తాయి, ఆ తర్వాత రోడ్డు వస్తుంది. నీరు, మురుగుకాలువ, బడి, శ్మశానం చివరికి మిగులుతాయి. అప్పటికి వాటికి చోటు మిగలదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. లేఔట్‌లో పది శాతం స్థలం అందరి కోసం ఖాళీగా వదలాలి. కానీ అలా వదలని అనుమతిలేని లేఔట్లను 2020లో క్రమబద్ధీకరించినప్పుడు, ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కడితే సరిపోతుందన్నారు. కొనుక్కున్న సామాన్యుడికి అది ఊరటే, కాదనను. కానీ ఆ డబ్బుతో అదే వీధిలో పిల్లలకు ఆటస్థలం పుడుతుందా? నేల ఒకసారి పోయాక రసీదు మీద పరుగెత్తలేం కదా. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం కిలోమీటరు దూరంలో ప్రాథమిక పాఠశాల ఉండాలి. మా లేఔట్‌లో పొద్దున్నే వచ్చేది ప్రైవేటు బడి బస్సు. పేట పిల్లలు హైవే దాటి పాత ఊరి బడికి నడిచి వెళ్తారు. బస్సు ఎక్కే పిల్లల తల్లిదండ్రులకు బడి లేదన్న సంగతే తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. కొత్తగా ఒక చోటికి వచ్చినవాళ్లు ఆ చోటికి ఏమైనా బాకీ ఉంటారా? డబ్బు ఇచ్చాక కూడా బాకీ మిగులుతుందా?

మిగులుతుందనే నేను అనుకుంటున్నాను. అమ్మిన మనిషి తన స్థలాన్నే అమ్మగలడు. దాని మీదుగా పారే నీటిని అతను అమ్మలేడు, ఎందుకంటే అది అతనిది కాదు. నేను కొన్నదీ ఆ నీరు కాదు. నాది కానిదాన్ని మళ్లించి ఇంకొకరి ఇంట్లోకి పంపినప్పుడు నా దగ్గరున్న రిజిస్ట్రేషన్ కాగితం దానికి జవాబు చెప్పదు. అధికారులు అనుమతి ఇచ్చారుగా అనవచ్చు. అనుమతి ఉంటే నాకు జరిమానా పడదు. అంతమాత్రాన పేటలో తడిసిన బియ్యం ఎండిపోవు. నా 150 గజాలతో ఏమైపోతుంది, అందరూ పోశారుగా అనీ అనవచ్చు. తరగతిలో నలభై మంది తలా ఒక కాగితం ముక్క పడేస్తే గది చెత్తకుప్ప అవుతుంది. “నేను వేసింది ఒక్క ముక్కే టీచర్” అని ప్రతి పిల్లవాడూ అంటాడు. ప్రతివాడూ నిజమే చెబుతాడు. అయినా ఆ గదిని ఊడవాల్సింది ఆ నలభై మందే.

మన రాజ్యాంగం ఈ విషయంలో నాకు ఒక దారి చూపింది. 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు ప్రతి పౌరుడికీ ఇచ్చింది. ఆ హక్కుతోనే నేను సబ్బవరం వైపు వెళ్లి ఇల్లు కట్టుకున్నాను. ఆదివాసీ కొండ మీదే ఉండాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అదే అధికరణంలోని ఐదో క్లాజు, షెడ్యూల్డు తెగల రక్షణ కోసమో, ప్రజాహితం కోసమో ఆ హక్కుకు పరిమితులు పెట్టవచ్చని చెప్పింది. మన 1/70 చట్టానికి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే: ఎక్కడికైనా వెళ్లవచ్చు, కానీ అక్కడున్నవాళ్లను తుడిచేసి కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. మన కొండకు వచ్చేవాళ్లకు వర్తించాలని మనం కోరిన న్యాయం, మనం కిందికి దిగినప్పుడు మనకూ వర్తించాలి కదా? పేటవాళ్లను కాపాడడానికి 1/70 లాంటి చట్టం లేదు. చట్టం లేనిచోట కొనేవాడి మనస్సాక్షే వాళ్లకు మిగిలిన రక్షణ.

మన ఊళ్లు కట్టినప్పుడు పెద్దలు ముందు ఊట ఎక్కడుందో చూసేవారు. ఊరి నడుమ నిశాని రాయి నిలిపేవారు. కొత్తగా వచ్చినవాడు పెద్దలను అడిగి ఇల్లు వేసుకునేవాడు. ఇటుకల పండుగకు తన వంతు ఇచ్చేవాడు, ఊరి పనికి ఒక మనిషిని పంపేవాడు. అప్పుడే అతను ఆ ఊరివాడు. అంతా బంగారమని నేను అనను. ఆ పెద్దల కూర్చోవడంలో ఆడవాళ్లకు మాట ఉండేది కాదు, దూరం నుంచి నీళ్లు మోసేది మాత్రం ఆడవాళ్లే. ఆ లోపాన్ని వదిలేద్దాం. ఊరంటే ఇళ్ల గుంపు కాదు, పంచుకున్న బాధ్యత అన్న ఎరుకను మాత్రం వదలకూడదు.

ఆ పేటవాళ్లు మనకు పరాయివాళ్లు కూడా కారు. మన బొర్రా గుహల దగ్గర పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయంలో నిలిచి, అక్కడి నుంచి విశాఖకు తాగునీరవుతోంది. మన అనంతగిరి కొండల వాన కింది మనిషి గొంతు తడుపుతోంది. మనం కిందికి దిగడానికి చాలాముందే మన నీరు దిగింది.

ఆ తర్వాత మేం ఏం చేశామో చెప్పాలి. పెద్దగా ఏమీ కాదు. లేఔట్‌లో ఆరు కుటుంబాలం కలిసి పేటకు వెళ్లి కూర్చున్నాం. గ్రామ నక్షా తీయిస్తే గెడ్డ దారి గీసి ఉంది. పంచాయతీలో అర్జీ పెట్టాం. ఏడాదికి పైగా తిరిగాక రోడ్డు కింద తూము పడింది. కాలువ కోసం మా గోడను రెండడుగులు వెనక్కి జరిపాం. కొందరు జరపలేదు. “మేం గజానికి ఇంత పోసి కొన్నాం” అన్నారు. అందుచేత పెద్ద వాన పడితే ఇప్పటికీ పేటలో మోకాలి లోతు నీరు నిలుస్తుంది. బాకీ సగమే తీరింది.

ఇక పాడేరు సంగతి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమైంది. కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, అద్దెలు పెరిగాయి. గెడ్డల అంచున పిల్లర్లు లేస్తున్నాయి. 1/70 వల్ల బయటివాడి చేతికి మన భూమి పోకుండా ఆపగలం. మరి గెడ్డలో పిల్లరు వేసేది మనవాడే అయితే? ఆ చట్టం మన భూమిని కాపాడుతుంది. పొరుగువాడి పట్ల ఎలా ఉండాలో అది నేర్పదు. అది మనం నేర్చుకోవాలి, బడిలో నేర్పాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వానాకాలంలో ఒక రోజు పిల్లలను బయటికి తీసుకెళ్లండి. బడి పైకప్పు మీద పడిన నీరు ఎటు పోతుందో, ఎవరి పొలంలోకి, ఎవరి గుమ్మం ముందుకు చేరుతుందో వెంట నడిచి బొమ్మ గీయమనండి. పరిసరాల విజ్ఞానం పాఠానికీ, నీతి పాఠానికీ అది పనికొస్తుంది.

యువతీయువకులకు ఒక మాట. రేపు మీకూ ఉద్యోగాలు వస్తాయి, మీరూ కింద ప్లాటు చూస్తారు. తప్పకుండా కొనండి. కొనేముందు కాగితాలతో పాటు ఆ నేల మీద ఒక వాన చూడండి. దిగువన ఎవరున్నారో వెళ్లి పలకరించండి. పిల్లలు ఎక్కడ ఆడతారో, చనిపోయినవాళ్లను ఎక్కడ సాగనంపుతారో అడగండి. మేం ఇవేవీ అడగలేదు. అందుకే ఆ రోజు ఆవిడ మా గేటు దగ్గరికి రావలసి వచ్చింది.