‘అనుభవం’ అన్నచోట ఏం రాయాలి?

కోసిగి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనం ఏటా సుగ్గికి పోతుంటాం. మిరప కోతకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణ వైపు, కట్టడం పనికి బెంగళూరు. చదువు మధ్యలో ఆపిన ఏడాది మన పిల్లలూ పెద్దవాళ్ల వెంట పోతారు. తర్వాత ఆదోనిలోనో కర్నూలులోనో ఉద్యోగానికి బయోడేటా రాసేటప్పుడు ‘అనుభవం’ అన్నచోట ‘లేదు’ అని పెడతారు.

ఆ ‘లేదు’ అబద్ధమా? దీని మీద మేము చాలాసార్లు వాదులాడుకున్నాం.

బయోడేటా అంటే పోలీసులకిచ్చే వాంగ్మూలం కాదు. అడిగిన ఉద్యోగానికి అక్కరకొచ్చేది పెట్టి మిగతాది వదిలేస్తే మోసమనరు. అయితే మన పిల్లలు సుగ్గి పనిని వదిలేసేది అక్కరకు రాదని కాదు, సిగ్గుపడి. ఆ సిగ్గుకు పాత మూలాలున్నాయి. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బుట్టలల్లుకునే ఎరుకలవాళ్ల పేరు పక్కన సర్కారే నేరం అని రాసిపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952కల్లా ఆ చట్టాలన్నీ పోయాయి. మన పని గురించి నలుగురిలో చెప్పుకోడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు.

ఒక పిల్ల ఇరవై మంది ముఠాకు తూకాలు రాసింది అనుకుందాం. కిలో లెక్కన ఎవరి కూలి ఎంతో తేల్చింది. మేస్త్రీ తక్కువ కడితే చీటీ చూపించి అడిగింది. ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగానికి ఇంతకన్నా ఏ అనుభవం కావాలి? ‘మిరప కోత ముఠాలో లెక్కల పని, రెండు సుగ్గులు’ అని ఆమె నిబ్బరంగా రాయొచ్చు.

పదేళ్లప్పుడు అమ్మానాన్నలతో పోయి కాయలు కోసిన సంగతి వేరు. దాన్ని అనుభవం కింద రాయమని మేము చెప్పం. ఆ వయసు పిల్లలు బళ్లో ఉండాలనే కదా సీజనల్ హాస్టళ్లు పెట్టింది.

టీచర్లకు ఒక మాట. ధైర్యంగా రాయమని పిల్లల్ని బలవంతపెట్టకండి. ‘మిరప కోత’ అన్న మాట చూసి కాగితం పక్కన పడేసే యజమానులు ఉన్నారు. అప్పుడు ఉద్యోగం పోయేది ఆ పిల్లకే, మనకు కాదు. రాయాలా వద్దా అన్నది ఆమే తేల్చుకోవాలి. వదిలేసినా మేము తప్పు పట్టం. కానీ ఆ ఖాళీలో డబ్బులిచ్చి తెచ్చుకున్న అనుభవ పత్రం పెడితే ఒప్పుకోం. ఇంటర్వ్యూలో ‘ఈ రెండేళ్లు ఏం చేశావు?’ అని అడిగితే ‘ఊరికే ఇంట్లో ఉన్నాను’ అనడమూ మాకు నచ్చదు. ఆ రెండేళ్ల కూలితోనే కదా ఇంట్లో అప్పు తీరింది.

ముందు చేసిన పనులన్నీ చిత్తు కాగితం మీద రాయించండి. ఏది కొట్టేయాలో తర్వాత చూసుకోవచ్చు. ‘మీ గురించి చెప్పగలవారు’ అన్నచోట ముఠా మేస్త్రీ ఫోన్ నంబరు రాయొచ్చా అని ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. రాయమన్నాం. ముందు మేస్త్రీని ఒక మాట అడగమన్నాం.