సిలువ: దైవసంకల్పమా, మనుష్యకృత్యమా?

యేసుక్రీస్తు సిలువమీద మరణించెననుటయందు చరిత్రజ్ఞులలో ఇంచుమించుగా భేదాభిప్రాయము లేదు. అది యేల సంభవించెనను విషయముననే భేదము గలదు. సృష్టికి పూర్వమే భగవంతుడు మానవుల పాపపరిహారార్థమై యీ మరణమును సంకల్పించెనని క్రైస్తవులలో పెక్కుమంది విశ్వసింతురు. రోమా ప్రభుత్వము తనకు అపాయకరుడని తోచిన బోధకు నొకని చంపించెననియు, అంతకుమించి యందేమియు లేదనియు మఱికొందఱందురు. ఈ వివాదము క్రైస్తవులది కదా, మనకేల యని చదువరులు తలంపగూడదు. నిర్దోషి యొకడు హింసింపబడినప్పుడు ఆ హింసను దైవేచ్ఛ యనవచ్చునా యనునదే యిందలి ప్రశ్న. అది సర్వమతములవారికిని చెందును.

మొదట చరిత్రము చెప్పుదానిని విచారింతము. సిలువ రోమీయులు బానిసలకును తిరుగుబాటుదారులకును విధించుచుండిన శిక్ష. క్రీస్తునకు పూర్వము 71వ సంవత్సరమున స్పార్టకసు వెంట తిరుగబడిన బానిసలలో ఆఱువేలమందిని రాజమార్గము ప్రక్కన సిలువవేసిరి. క్రీస్తునకు పూర్వము 4వ సంవత్సరమున యూదయలో కలహము పుట్టగా, సిరియా పాలకుడగు వారుసు ఇంచుమించు రెండువేలమందిని సిలువ వేయించెనని యూద చరిత్రకారుడగు జోసీఫసు వ్రాసెను. పొంతి పిలాతు క్రీస్తుశకము 26 మొదలు 36 వఱకు యూదయను పాలించెను. 1961లో కైసరయ శిథిలములలో దొరకిన శిలాశాసనమున నితని పేరు చెక్కబడియున్నది. పస్కా పండుగ ఐగుప్తు దాస్యవిమోచనమునకు స్మారకోత్సవము. ఆ దినములలో యెరూషలేము జనముతో నిండును. పాలకులకు భీతి హెచ్చును. అట్టి సమయమున యేసు దేవాలయములో నాణెములు మార్చువారి బల్లలను పడద్రోసెను. దేవుని రాజ్యము సమీపించినదని బోధించెను. ఆలయమువలన అధికారమును లాభమును పొందువారికి ఆయన కంటకుడయ్యెను. ఆయన సిలువపై యూదుల రాజని వ్రాయబడెనని నాలుగు సువార్తలును చెప్పుచున్నవి. మోపబడిన నేరమెట్టిదో ఆ వ్రాతయే తెలుపుచున్నది. కావున ఈ మరణమునకు కారణము వెదకుటకై ఆకాశమువంక చూడనక్కఱలేదు.

ఇక రెండవ పక్షము. పదునొకండవ శతాబ్ది చివర కాంటర్బరీ ధర్మాధ్యక్షుడగు ఆన్సెల్ము, పాపముచేత మనుష్యులు దేవుని గౌరవమునకు లోపము చేసిరనియు, ఆ ఋణమును దేవుడును మనుష్యుడును అయినవాడే తీర్పగలడనియు వాదించెను. ఇట్టి విశ్వాసమువలన దుఃఖకాలమున ఓదార్పు పొందినవారు అసంఖ్యాకులు. వారి భక్తిని మేము చులుకన చేయము. కాని రెండు సందేహములు మమ్ము విడువకున్నవి. దేవుడే యీ మరణమును సంకల్పించినచో, పట్టియిచ్చిన యూదాయు, విచారించిన కయపయు, ఆజ్ఞయిచ్చిన పిలాతును ఆయన కార్యమును నెఱవేర్చిన సేవకులే కావలెను, వారిని నిందింపనేల? అయినను, దైవసంకల్పమని చెప్పినవారే శతాబ్దములకొలది యూదజాతి నంతటిని ఈ మరణమునకై నిందించి హింసించిరి. ఆ సామూహిక నిందను రోమను కథోలిక సభ 1965లో నిరాకరించెను. అదియొక సందేహము. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కథ యేసే చెప్పెను. అందలి తండ్రి ఎదురుగా పరుగెత్తి కౌగిలించుకొనెనే కాని, ఒకరి రక్తము చిందినగాని క్షమింపననలేదు. యేసు చూపిన తండ్రి ఒకడును, ఆన్సెల్ము చూపిన ప్రభువు మఱొకడును అగుటెట్లు? ఇది రెండవ సందేహము.

రాజా రామమోహనరాయలు 1820లో యేసు నీతిబోధలను ప్రత్యేకముగా కూర్చి ప్రకటించినప్పుడు, శ్రీరామపురము మిషనరీయగు మార్షుమను ప్రాయశ్చిత్తసిద్ధాంతమును విడిచినందులకు ఆక్షేపించెను. రాయలవారు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు సమాధానగ్రంథములు వ్రాసిరి. పశ్చాత్తాపమును సత్ప్రవర్తనమును కలవానిని దేవుడు క్షమించునని వారి మతము.

అయితే ప్రతిపక్షులు మమ్ము నిట్లడుగవచ్చును: చరిత్రమే సర్వమును చెప్పినచో, వేలకొలది సిలువలు మఱువబడి యీ యొక్కటి యేల నిలిచెను? మఱియు యేసే గెత్సేమనే తోటలో దేవుని చిత్తమే జరుగవలెనని ప్రార్థింపలేదా? ఇవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

ఆ రాత్రి ఆయన మొదట కోరినది ఆ గండము తనను తప్పిపోవలెననియే. మరణమే దేవుడు నియమించిన పనియని ఆయన నిస్సందేహముగా నమ్మియుండినచో, ఆ కోరిక యేల కలుగును? తోట ఒలీవకొండ చెంతనున్నది, కొండ కావల అరణ్యము, రాత్రివేళ, తప్పించుకొనుట అసాధ్యము కాదు. తప్పించుకొన్నచో బోధించినదంతయు విడిచినట్లగును. ఆయన నిలిచెను. చంపుట పిలాతు మొదలగువారి సంకల్పము. పలికిన సత్యమును ప్రాణభయముచే విడువకుండుట యేసు సంకల్పము. ఈ రెండవదానియందే దైవసంకల్పము కానవచ్చునని మా యభిప్రాయము. తన్ను చంపుచున్నవారిని క్షమింపుమని ఆయన వేడుకొనెనని లూకా సువార్త చెప్పుచున్నది. వారు దేవుని పనియే చేయుచుండినచో క్షమాపణమున కవకాశమెక్కడ? దోషమున్నచోటనే క్షమ కర్థముండును. తక్కిన సిలువలమీద మరణించినవారిలో ధీరులు లేరని మేమనము. ఇచ్చట ధైర్యముతో ద్వేషరాహిత్యము చేరెను గనుకనే లోకము దీనిని మఱువకున్నది.

ఈ భేదమును గుర్తింపకుండుటవలన మన దేశమునను కీడు కలిగినది. సహగమనమును 1829లో చట్టము నిషేధించువఱకు, అది ధర్మమనియు సతికి పుణ్యలోకప్రదమనియు విద్వాంసులే సమర్థించుచుండిరి. రామమోహనరాయలు దానిని ఖండించిరి. చితి పేర్చినదియు నిప్పంటించినదియు విధి కాదు, బంధువుల చేతులు. నేడును అన్యాయము జరిగినచోట ప్రారబ్ధమనియో, దైవలీల యనియో పలుకువారున్నారు. ఆ మాట బాధితునికి ఊరట నిచ్చినట్లు తోచును గాని, దానివలన లాభపడువాడు బాధించినవాడే.

పిలాతు జనులయెదుట నీరు తెప్పించి చేతులు కడుగుకొనెనని మత్తయి సువార్తలో నున్నది. దైవసంకల్పమను మాటను మనము అట్టి నీరుగా వాడుకొనకుందుము గాక.