సమానమైన కోత

కోశము సన్నగిల్లినప్పుడు రక్షకభటుల వ్యయము నెట్లు తగ్గింపవలెనను ప్రశ్న గణకులదే యని పలువురు తలంతురు. మేమట్లు తలంపము. కౌటిల్యుడు రాజ్యాంగము లేడింటిలో దండమునకు ముందు కోశమును నిలిపిన మాట నిజమే. ధనము లేక దండము నిలువదు. కాని తఱిగిన ధనపు భార మెవరు మోయవలెననునది ధర్మప్రశ్న.

ఇంగ్లాండు, వేల్సుల యనుభవమును పరిశీలింతము. 2010లో అచటి ప్రభుత్వము పోలీసుల కిచ్చు ధనమును నాలుగేండ్లలో అయిదవ వంతు తగ్గింప నిశ్చయించెను. అన్ని మండలములకును ఇంచుమించుగా నొక్కటే పాలు. చూపులకిది న్యాయమే. కాని సర్రే మండలమునకు స్థానికపు పన్నులవలన వచ్చు రాబడి మెండు. నార్తంబ్రియాకు ప్రభుత్వధనమే ప్రధానాధారము. అందుచే 2015-16 నాటికి సర్రే రాబడి నూటికి సుమారు 12 వంతులు తగ్గగా, నార్తంబ్రియాకు 23 తగ్గెను. కత్తెర యొక్కటే, కలవారి సీమకు గీరు, లేనివారి సీమకు గాయము.

అచటి చట్టము ననుసరించి, పొదుపు పేర కానిస్టేబులును ఉద్యోగమునుండి తొలగింపరాదు. కావున క్రొత్త నియామకములు నిలిచినవి; కొన్ని దళములు ముప్పదియేండ్ల సేవ నిండినవారిని విశ్రాంతికి బంపినవి; గుమాస్తాలు తగ్గిరి. వారి వ్రాతపని కొంత భటులపై బడెను. 2010లో సుమారు 1,44,000 మంది యున్న భటులు 2017 నాటికి 1,23,000 మందియైరి. వీధులలో దిరుగుచు జనులకు తోడుపడు సహాయకులు పదునాఱు వేలకు పైబడి యుండి, పదివేలకు దిగిరి. పిలుపు వచ్చినచోటికి బోకున్న నింద కలుగును. వీధిలో దిరుగుట మానిన వెంటనే యడుగువారుండరు. జరుగని దొంగతన మే చిట్టాకును ఎక్కదు గదా!

లేని ధన మెక్కడనుండి తెత్తురని కొందఱడుగవచ్చును. అడుగదగినదే. వ్యయము తగ్గింపవలసిన కాలములు వచ్చును. పోలీసులలోను వృథావ్యయ ముండును. మేము పొదుపును నిందింపము. అవసరమును తూచని పొదుపును నిందింతుము. ఇంట ధాన్యము తఱిగినప్పుడు పసిబిడ్డ పాలనుండియు, పెద్దల చుట్టలనుండియు నొకే పాలు కోయు గృహిణి నెవరు మెత్తురు? ధనికుడు కావలివానిని పెట్టుకొనును. బీదరాలికి వీధిభటుడే కావలి.

2019లో అచటి ప్రభుత్వమే మూడేండ్లలో 20,000 మందిని క్రొత్తగా చేర్తుమని ప్రకటించి, 2023లో ఆ మాట నెఱవేరెనని చెప్పెను. సంఖ్య తిరిగివచ్చెను. ముప్పదియేండ్లు సందుసందును, గడపగడపను ఎఱిగిన భటుని యెఱుక మాత్రము జీతమిచ్చి మరునాడు తెచ్చుకొనునది కాదు. కోసిననాడు మిగిలినదానిని లెక్కించినవారు, కోల్పోయినదానిని లెక్కింపరైరి.

కావున పాలకులు కత్తెర బట్టుటకు ముందు త్రాసు పట్టవలెను. ఎవరికి వేఱు రక్షణ లేదో వారి వాటాను కడపట ముట్టవలెను. సమానముగా కోయుట సులభము. సమముగా కాపాడుట ధర్మము.