కప్పు చుట్టూ పిట్టగోడ



మధురవాడలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్ళినా ఇసుక గుట్టలు, ఇనుప చువ్వలు కనిపిస్తాయి. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు మధురవాడ, కొమ్మాది వంటి గ్రామాలు నగరంలో కలిశాయి. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో పనిచేసి రిటైరైనవారు ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము తెచ్చి, బ్యాంకు అప్పు కలిపి, చిన్న స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నారు. "ఫాదర్ గారూ, ప్లాను త్వరగా పాస్ కావాలని ప్రార్థించండి" అని అడుగుతారు. తప్పక ప్రార్థిస్తాం. కానీ నాది ఒక ప్రశ్న. ప్లాను పాసైన తరువాత ఇల్లు ఆ ప్లాను ప్రకారమే కడుతున్నామా?

ఇంటి నిర్మాణానికి నిబంధనలు పెట్టడం నగరపాలక సంస్థతో మొదలు కాలేదు. ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, కట్టనందువల్ల ఎవరైనా పడి మరణిస్తే ఆ రక్తాపరాధం ఆ ఇంటిదేననీ మోషే ధర్మశాస్త్రం శాసించింది. ఆ దేశంలో ఇళ్ళ కప్పులు చదునుగా ఉండేవి. ప్రజలు వాటి మీద మసలేవారు. యొప్పేలో పునీత పేతురుగారు ప్రార్థించడానికి మిద్దె మీదికే వెళ్ళారు (అపొ.కా. 10:9). ఇంటి యజమానికి కప్పు అంచు ఎక్కడో చీకట్లో కూడా తెలుస్తుంది. తెలియనిది అతిథికి, పక్కింటి పిల్లవాడికి. కనుక ఆ నిబంధన ముఖ్యంగా ఇతరుల కోసమే.

మన ప్లానును కూడా ఈ దృష్టితో చూడండి. చుట్టూ వదలమన్న సెట్‌బ్యాక్ పక్కింటివారికి గాలి, వెలుతురు అందే దారి. నిప్పంటుకుంటే మనిషి తిరగడానికి చోటు. ఇంకుడు గుంత వీధి మొత్తం తాగే భూగర్భజలానికి మనం చెల్లించే వంతు. గెడ్డకు దూరంగా కట్టమనడం దేనికి? కొండల మీద కురిసిన వాన సముద్రానికి పోవడానికి దారి కావాలి. ఆ దారిని మనం మూస్తే నీరు ఆగదు, దిగువనున్న పేదవాడి గుడిసెలోకి పోతుంది. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు గారు చట్టాన్ని నిర్వచిస్తూ, అది అందరి మేలు కోసం బుద్ధి చేసే ఏర్పాటని బోధించారు. ప్లాను కాగితం మీద సంతకం చేసినప్పుడు మనం పొరుగువారికి మాట ఇచ్చినట్లే.

"అందరూ కడుతున్నారు కదా, తరువాత జరిమానా కట్టి రెగ్యులర్ చేయించుకోవచ్చు" అంటారు కొందరు. నిజమే, ప్రభుత్వం 2007లో, 2015లో, 2019లో అటువంటి పథకాలు తెచ్చింది. జరిమానా చెల్లిస్తే చట్టం ముందు కేసు తీరవచ్చు. కానీ ఆ సొమ్ము ఖజానాకు చేరింది. మన గోడ మూసిన పక్కింటి కిటికీకి వెలుతురు తిరిగి వచ్చిందా? ఏడవ ఆజ్ఞను మీరినవాడు పశ్చాత్తాపపడితే చాలదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలని శ్రీసభ బోధిస్తుంది. పొరుగువాని గాలి, వెలుతురు కూడా అటువంటివే. స్లాబు వేసిన తరువాత తిరిగి ఇవ్వడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇక లంచం సంగతి. న్యాయంగా రావలసిన అనుమతిని ఆపి డబ్బు గుంజుతుంటే ఆ పాపం ప్రధానంగా గుంజేవానిది. అయినా అలవాటుగా తలవంచకండి. రాతపూర్వకంగా అడగండి, అవినీతి నిరోధక శాఖ ఉంది. అలాకాక, రెండడుగుల స్థలం ఎక్కువ కలుపుకోవడానికి మనమే కవరు అందిస్తే అది మన పాపం. చట్టం ప్రకారం నిర్ణయించవలసినవారిని ప్రలోభపెట్టే అవినీతిని సత్యోపదేశం (2409) ఏడవ ఆజ్ఞ క్రిందనే ఖండిస్తున్నది.

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పారు (లూకా 14:28). మీరు కూడా అలాగే కూర్చోండి. అనుమతి రుసుము, లైసెన్సు ఉన్న ఇంజనీరు ఫీజు, ఇంకుడు గుంత ఖర్చు ముందే అంచనాలో వేసుకోండి. స్థలం చిన్నదైతే ఒక గది తగ్గించండి. మంజూరైన ప్లాను ప్రతిని మేస్త్రీ దగ్గర వదిలేయక, మీరే చదివి, అర్థం కానిది వార్డు సచివాలయంలో అడగండి. పునాది ముగ్గు పోసే రోజున పక్కింటివారిని పిలిచి, ఎంత వదులుతున్నారో టేపు పెట్టి చూపించండి. తరువాత పదేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం కంటే ఆ ఒక్క గంట మేలు. అదే క్రైస్తవ సాక్ష్యం కూడా.

ఇల్లు పూర్తయ్యాక మీ విచారణ గురువు వచ్చి తీర్థజలం చల్లి ఆశీర్వదిస్తారు. హాలులో యేసు తిరుహృదయ పటం పెడతారు. ఆ రోజున పక్కింటివారు కూడా మనస్ఫూర్తిగా వచ్చి భోజనానికి కూర్చునేలా ఇల్లు కట్టండి. కట్టే ప్రతి కుటుంబాన్ని, వారి ఇరుగుపొరుగును, రాళ్ళెత్తే కూలీలను ప్రభువు దీవించునుగాక. ఆమెన్.