ఓర్పు ఎవరి వంతు?



కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం, పూజ ముగిసి జనం వెళ్ళిపోయాక, ఒక సోదరి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. పాపసంకీర్తనానికి రాలేదు. "ఒక మాట అడగాలి ఫాదరుగారూ" అంది. ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ చెప్పకుండా ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆమె అత్తగారికి ఎనభై దాటాయి. నాలుగేళ్ళుగా మతిమరుపు ముదిరింది. రాత్రి రెండింటికి లేచి, పుట్టింటికి పోవాలంటూ తలుపు గొళ్ళెం లాగుతుంది. అన్నం తిన్న పది నిమిషాలకే, తనకు మెతుకు పెట్టేవాళ్ళు లేరని వీధిలో వాళ్ళకు చెబుతుంది. గాజులు కోడలే తీసిందంటుంది. "మొన్న రాత్రి ఆమెకు పక్క మార్చి దుప్పటి కప్పుతూ, దేవుడు ఈమెను తీసుకుపోతే బాగుండును అనుకున్నాను. ఇది పాపమేనా?" అని అడిగింది ఆ సోదరి.

జవాబుకంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. ప్రతి మొదటి శుక్రవారం ఆ ఇంటికి దివ్యసత్ప్రసాదం తీసుకుపోయేది నేనే. "అవ్వ ఎలా ఉంది?" అని అడిగేవాణ్ణి. "నీవు నిద్రపోయావా అమ్మా?" అని ఒక్కసారీ అడగలేదు. పైగా ఒక ప్రసంగంలో ఆమెను ఆదర్శప్రాయమైన కోడలని పొగిడాను. ఆ పొగడ్త తరువాత తన అలసటను ఎవరికీ చెప్పుకోలేకపోయానని ఆమె ఆ రోజు చెప్పింది.

ఇక ప్రశ్నకు వద్దాం. మనసులో కదిలే భావం వేరు, దానికి చిత్తం ఇచ్చే సమ్మతి వేరు. ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని అరిస్టాటిల్‌ను అనుసరించి పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. ఆ తలంపు వచ్చిన క్షణంలో కూడా ఆమె చేతులు దుప్పటి కప్పుతూనే ఉన్నాయి. ఆమె చిత్తం ఎటువైపు ఉన్నదో ఆ చేతులే చెబుతున్నాయి. అలసట పాపం కాదు. కాని పట్టించుకోని అలసట ఒకనాడు కసురుగా, చేయిచేసుకోవడంగా మారవచ్చు. అప్పుడు బాధపడేది ఆ ముసలమ్మే. కనుక దానికి మందు వెదకాలి. తోమాసుగారు 13వ శతాబ్దంలో 'సుమ్మా తియొలాజికా'లో దుఃఖానికి ఉపశమనాలు చెబుతూ కన్నీటిని, స్నేహితుల సానుభూతిని, సత్యధ్యానాన్ని పేర్కొన్నారు. వాటి సరసనే నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. గురువిద్యాలయంలో అది చదివి మేము నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇంతటితో ఆపితే ఆమెకు ఊరట దొరుకుతుంది కాని న్యాయం దొరకదు. తండ్రికి మతి తప్పినా ఓర్పు వహించమని సీరా జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం చెబుతుంది. ఎవరికి? కన్నబిడ్డకు. మన ఇళ్ళలో ఆ ఆజ్ఞ కొడుకుల చెవిన పడి కోడలి నెత్తిన దిగుతుంది. ఈ అవ్వకు ముగ్గురు కొడుకులు. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉండి డబ్బు పంపుతారు. డబ్బు అవసరమే. కాని రాత్రి రెండింటికి డబ్బు లేచి తలుపు దగ్గరకు వెళ్ళలేదు. నలుగురి బాధ్యతను ఒక్కరిమీద వదిలి, ఆ ఒక్కరినీ త్యాగమూర్తి అని పిలిచి ఊరుకోవడం అన్యాయం.

"అమ్మ మమ్మల్ని గుర్తుపట్టదు, వచ్చి ఏం లాభం?" అని కొందరంటారు. పసిబిడ్డకు తల్లి పేరు తెలియదు. అయినా ఆ బిడ్డను ఎవరూ తక్కువ మనిషిగా చూడరు. జ్ఞాపకశక్తి పోయినవారి విషయంలోనూ అంతే.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి ఇల్లు లేని విచారణ ఉండదేమో! అయితే మతిమరుపంతా ముసలితనమని వదిలేయకూడదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మానసిక కుంగుబాటు వల్ల కూడా అది రావచ్చు. వీటికి చికిత్స ఉంది, డాక్టరుకు చూపించాలి. గాజులు పోయాయంటే వాదించకుండా, "పదండత్తయ్యా, వెదుకుదాం" అనడం ఇద్దరికీ మేలు. వృద్ధుల సమస్యలకు 14567, మనోవేదనకు 14416 ప్రభుత్వ ఫోను నంబర్లు. రెండవది సేవచేసి అలసినవారికి కూడా.

ఇప్పుడు ప్రతి బుధవారం సాయంత్రం విచారణ నుండి ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళి రెండు గంటలు అవ్వ దగ్గర కూర్చుంటున్నారు. ఆమె భర్త వారానికి రెండు రాత్రులు తల్లి గదిలో పడుకుంటున్నాడు. హైదరాబాదు కొడుకు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మూడవవారు ఇంకా ఆలోచిస్తున్నారు.

ఈ వారం మీరు అలాంటి ఇంటికి వెళితే, మంచం మీద ఉన్నవారిని పలకరించిన తరువాత, పక్కన నిలబడినవారిని కూడా "నీవు నిద్రపోయావా?" అని అడగండి. జవాబు విన్నాక వెంటనే లేచి రాకండి.