సుదక్షిణ ఒంటరిగా వెళ్లలేదు

నాగుల చవితి నాడు చూడండి. తెల్లవారకముందే పుట్ట దగ్గర తడిబట్టలతో నిలబడి పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టేవారిలో కడుపుపంట కోసం మొక్కుకునే కోడళ్లు ఎందరో. భర్తలు కాస్త దూరంగా, బండి దగ్గర ఫోన్ చూసుకుంటూ ఉంటారు. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయంలో గరుడ ప్రసాదం తీసుకుంటే సంతానం కలుగుతుందని విని జనం పోటెత్తారు. ఆ దారిలో గంటల తరబడి బళ్లు కదల్లేదు. ఆ ఆర్తిని నేను తప్పుపట్టను. దేవుణ్ని కాక ఎవరిని అడుగుతాం? నా కోపమల్లా ఆ బండి దగ్గర ఆగిపోయిన మనిషి మీద.

ఆయన ఆసుపత్రి దగ్గరా అంతే. అమ్మాయికి స్కాన్లు, థైరాయిడ్ పరీక్షలు, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అన్నీ అయిపోతాయి. అబ్బాయి పరీక్ష మాత్రం ‘మా వంశంలో అలాంటివేం లేవు’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ మాట అనేది ఎక్కువగా అత్తగారే. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు మొత్తుకుంటున్నారు. వీర్యపరీక్షకు సూది పోటు కూడా ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు నిగ్రహం పాటించి నమూనా ఇస్తే చాలు.

వంశం మాట వచ్చింది కనుక సూర్యవంశానికే వెళ్దాం. సంతానం లేని దిలీప మహారాజు భార్య సుదక్షిణను పుట్టింటికి పంపలేదు. ఆమెను రథమెక్కించుకుని వసిష్ఠుడి ఆశ్రమానికి వెళ్లాడు. గురువు ధ్యానంలో చూసి చెప్పిన కారణం రాజుదే. ఇంద్రుడి దగ్గర నుంచి తిరిగొస్తూ, కల్పవృక్షం నీడలో ఉన్న కామధేనువుకు ప్రదక్షిణ చేయకుండా వచ్చేశాడు. ఆమె శపించింది. ఆకాశగంగ హోరులో ఆ శాపం ఆయన చెవిన పడనే లేదు. తన వైపు లోపం ఉందన్న సంగతే ఆయనకు తెలియదు! అడగబట్టి తెలిసింది. తెలిశాక చక్రవర్తి ఆశ్రమంలోని ఆవు వెంట అడవిలో తిరిగాడు. సుదక్షిణ పొద్దున పూజించి పొలిమేర దాకా సాగనంపేది, సాయంత్రం ఎదురెళ్లేది. ఎండలో తిరిగిన పని ఆయనది. ఆవును పట్టిన సింహానికి ఆయన తన దేహాన్నే ఇవ్వబోయిన కథ, కొడుకుగా రఘుమహారాజు పుట్టడం మీకు తెలిసినవే.

దిలీపుడికి ఇరవై ఒక్క రోజుల సేవ తర్వాత ఆ పరీక్ష ఎదురైంది. నేటి భర్తకు గడువు ఇంకాస్త పెద్దది. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, సిగరెట్, గుట్కా, మందు ఈ రోజు మానేస్తే ఫలితం మూడు నెలలకు గానీ కనపడదు. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకునే కుర్రాళ్లకు అవి వీర్యకణాల ఉత్పత్తినే ఆపేస్తాయని తెలుసో లేదో. ఇదీ వ్రతమే అనుకోండి, ఉద్యాపన ల్యాబ్‌లో.

లోపం భర్తదైనా సూదులు భార్యకే. ఒక్క వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో కూడా అండాలు పెరగడానికి సుమారు పది రోజుల పాటు ఇంజెక్షన్లు పొడిపించుకునేది, మత్తులో అండాలు తీయించుకునేది ఆమే. ఇది తెలిసి కూడా ‘నువ్వెళ్లి చూపించుకో, నాకు ఆఫీసుంది’ అనగలిగిన వాడికి ఏం చెప్పను? అన్నవరంలో సత్యనారాయణ వ్రతానికి పంచె కట్టుకుని భార్య పక్కన పీటల మీద కూర్చుంటాడు కదా. రాముడంతటి వాడు కూడా యాగానికి పక్కన బంగారు సీతనైనా ఉంచుకోవలసి వచ్చింది. మన ధర్మంలో సంకల్పం ఇద్దరిదీ. సంతాన చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం కూడా జంట చికిత్సకు ఇద్దరి రాతపూర్వక అంగీకారం అడుగుతుంది. సంతకం పెట్టే రోజున మాత్రమే భర్త కనిపించడం వ్రతానికి ప్రసాదం వేళకు రావడం లాంటిది.

ఇంకో అలవాటు వాయిదా. మూఢం పోనీ, శ్రావణం రానీ, కాళహస్తిలో రాహుకేతు పూజ కానీ అంటారు. పూజ చేయించండి, ఆ వారంలోనే డాక్టర్‌నూ కలవండి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లమని వైద్యులు చెబుతారు. ఆడపిల్ల అండాలతోనే పుడుతుంది, కొత్తవి తయారు కావు. వయసు తగ్గించే శక్తి ఐవీఎఫ్‌కు లేదు. ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కు ముహూర్తం పెట్టమని అడిగేవారూ ఉన్నారు. గర్భసంచి పొర సిద్ధమైన రోజే దానికి ముహూర్తం.

గాంధారి నేతికుండలే తొలి ఐవీఎఫ్ అని ప్రవచనాల్లో చప్పట్లు కొట్టించుకునే వారితో నాకు పేచీ ఉంది. నాకు ఆ కథలో కనిపించేది తోడికోడలికి కొడుకు పుట్టాడని విని, తన కడుపునే కొట్టుకున్న ఇల్లాలు. ‘విశేషమేమైనా ఉందా’ అని ప్రతి పెళ్లిలోనూ అడిగేవారికి ఆ దెబ్బ వినిపించదు.

కాబట్టి చికిత్సకు ముందే, బంధువులెవరూ లేని ఓ సాయంత్రం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కో ప్రయత్నానికి లక్షల్లో ఖర్చు, ఫలితానికి హామీ లేదు. పొలం అమ్మాలా, ఎన్నిసార్లు ప్రయత్నించాలి, దాత అండం లేదా వీర్యం అవసరమైతే ఒప్పుకోగలమా, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పక్కర్లేదు? చికిత్స చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి. సరోగసీ అని చెప్పి ఎవరి బిడ్డనో చేతిలో పెట్టిన ఉదంతం 2025లో సికింద్రాబాద్‌లోనే బయటపడింది. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే గానీ ఆ దంపతులకు నిజం తెలియలేదు. అబ్బాయే కావాలన్న ఆలోచన ఉంటే గుమ్మం దగ్గరే వదిలేయండి, లింగనిర్ధారణ నేరం.

ఎక్కడ ఆగాలో కూడా ఆ సాయంత్రమే అనుకోవాలి. చాలామంది దత్తతను అన్నీ ఓడిపోయాక తలుస్తారు. నాగలి చాలులో దొరికిన బిడ్డను జనకుడు రెండో రకం కూతురుగా పెంచాడా? కేంద్ర దత్తత సంస్థ కారాలో పేరు నమోదు చేసుకున్నాక పసిబిడ్డ కోసం ఏళ్లు ఎదురుచూడాలి, తల్లిదండ్రుల వయసుకూ పరిమితి ఉంది. పెళ్లై రెండేళ్లు నిండాలి. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోనిదే ఆ దరఖాస్తు కూడా ముందుకు కదలదు.